ఆటలో సాఫల్యభావం : బల్ల చుట్టూ, తెర ముందు - ఒక పరిశీలన

పరీక్షలో నెగ్గిన విద్యార్థి ఆనందాన్ని గురించి పెద్దలు ఎంతగానో మాట్లాడుతారు. ఆటలో నెగ్గిన విద్యార్థి ఆనందాన్ని గురించి, అది మైదానంలోని ఆట అయితే తప్ప, ఎవరూ విచారించరు. మన బషీర్‌బాగ్‌లోని ఫతే మైదానంలో, అంటే నేటి లాల్ బహదూర్ స్టేడియంలో, పరుగుపందెం గెలిచినవానికి పతకం ఉన్నది. ఇంట్లో ఒక మూల కూర్చుండి ఫోనులో ఆట గెలిచినవానికి మందలింపు ఉన్నది. అయినా ఇద్దరూ "సాధించాను" అనే మాటనే వాడుతారు. ఆ మాటకు రెండుచోట్లా ఒకటే అర్థమా? ఆటలో కలిగే సాఫల్యభావం నిజమైనదా, లేక మనసు తనను తాను మోసగించుకోవడమా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకోసం రెండు విధాలైన ఆటలను పక్కపక్కన ఉంచి పరిశీలించదలచాను. మొదటిది అందరికీ తెలిసిన వీడియో ఆట. రెండవది, నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుండి, కాగితం, పెన్సిలు, పాచికల సాయంతో ఒక కథను కలిసి నడిపే పాత్రపోషణ ఆట. డబ్బు పందెంగా ఒడ్డి ఆడే ఆటలు ఈ పరిశీలనలోనికి రావు. వాటిని అరికట్టడానికి 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్, 2025లో భారత పార్లమెంటు చట్టాలు చేశాయి. ఆ చర్చ వేరు.

రెండు ఆటల పుట్టుక

ఈ రెండు ఆటలూ దాదాపు ఒకే కాలంలో అమెరికాలో రూపుదిద్దుకొన్నాయి. 1972లో అటారీ సంస్థ "పాంగ్" అనే ఆటయంత్రాన్ని విడుదల చేసినది. తెరమీద ఒక చుక్క, దానిని అటూ ఇటూ కొట్టడానికి రెండు గీతలు, అంతే ఆట. 1978లో జపాను నుండి వచ్చిన "స్పేస్ ఇన్వేడర్స్" ఒక్క అడుగు ముందుకు వేసి, అంతవరకు వచ్చిన అత్యధిక అంకెను తెరపై నిలిపి చూపినది. దానితో నిన్నటి ఆటగాని అంకె నేటి ఆటగానికి సవాలు అయినది. అతని ముఖం తెలియనక్కరలేదు, పేరు తెలియనక్కరలేదు. అంకె ఒక్కటే చాలును.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇరువురు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట నియమావళిని మూడు చిన్న పుస్తకాలుగా ప్రకటించారు. మొదట వేసినవి వేయి ప్రతులే. అంతకుముందు బొమ్మ సైనికులతో యుద్ధక్రీడలు ఆడేవారు పెద్ద పెద్ద సేనలను నడిపేవారు. ఈ కొత్త ఆటలో ఒక్కొక్కరు ఒక్కొక్క మనిషిని మాత్రమే నడపసాగారు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు వైద్యుడు. కూర్చున్నవారిలో ఒకరు మాత్రం కథానిర్వాహకుడు. ఎదురయ్యే అడవి, కోట, శత్రువు, వర్షం అన్నీ ఆయన మాటలోనే ఉంటాయి. మిగిలినవారు "మేమిప్పుడు ఇలా చేస్తాము" అంటారు. అది సాధ్యమా కాదా అనే సందేహం వచ్చినచోట పాచిక వేస్తారు. ఈనాటి వీడియో ఆటల్లో అందరూ చెప్పుకొనే హోదాలు పెరగడం, అనుభవాంకాలు కూడబెట్టడం ఈ బల్ల ఆటలోనుండి తెరమీదికి వెళ్ళినవే.

ఇదంతా పరాయి వస్తువు అనిపించవచ్చు. కాని ఉర్దూ చదివిన విద్యార్థికి "దాస్తానె అమీర్ హంజా"లోని తిలిస్మ్, అంటే మాయచేత కట్టిన లోకం, కొత్తది కాదు. అందులో అమర్ అయ్యార్ భుజాన వేలాడే జంబీల్ అనే సంచిలో ఎంత వేసినా పట్టుతుంది. తెలుగు చదివిన విద్యార్థికి 1951 నాటి "పాతాళభైరవి" చిత్రంలోని తోటరాముడూ, మాంత్రికుని గుహా కొత్తవి కావు. వినడానికీ చూడడానికీ అలవాటుపడిన ఆ లోకంలోనికి మనం పాత్రలుగా అడుగుపెట్టడమే ఈ ఆటలోని విశేషం.

బల్ల చుట్టూ జరిగేది

మాటలతో చెప్పడంకంటే ఒక ఉదాహరణతో చెప్పడం మేలు. మన నగర చరిత్రనే కథగా తీసుకొందాం. 1687లో ఔరంగజేబు సైన్యం గోలకొండను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించినది. అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు ద్రోహం చేసి లోపలినుండి ద్వారం తెరిపించగా కోట పట్టుబడినది. అబ్దుర్ రజాక్ లారీ ఒడలెల్ల గాయాలతో పోరాడి చరిత్రలో నిలిచినాడు. నలుగురు విద్యార్థులు ఆ రాత్రి ద్వారంవద్ద కాపలా ఉన్న సిపాయిలుగా ఆడుతున్నారని, అయిదవవాడు కథానిర్వాహకుడని అనుకొందాం.

"చీకటిలో ఎవరో గడియ తీస్తున్నారు. మీరేం చేస్తారు?" అని నిర్వాహకుడు అడిగినాడు.

"పరుగెత్తి చెప్పే వ్యవధి లేదు. ఫతే దర్వాజావద్ద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది గదా! నేను చప్పట్లు కొడతాను" అన్నాడు ఒకడు.

"ఔరంగజేబు గెలిచిన తర్వాతనే దానికి ఫతే దర్వాజా అన్న పేరు వచ్చినదంటారు. ఇంకా గెలవనే లేదు, నువ్వప్పుడే పేరు పెట్టేశావు!" అని చరిత్ర విద్యార్థి ఒకడు నవ్వినాడు.

నవ్వులు సద్దుమణిగిన పిమ్మట నిర్వాహకుడు ఆలోచించి, బయట గుర్రాల సకిలింపులు, ఆయుధాల చప్పుడు ఉన్నవి గనుక ఇరవై ముఖాల పాచికలో 15 గాని, అంతకు మించి గాని పడితేనే చప్పట్లు పైకి వినిపిస్తాయి అన్నాడు. అంటే ఇరవైలో ఆరు అవకాశాలు, నూటికి ముప్పది. అంతవరకు మౌనంగా ఉన్న నాల్గవవాడు అప్పుడు నోరు విప్పినాడు. "నా పాత్ర నగారా వాయించేవాడు. నేను నేర్పిన లయలో నలుగురమూ ఒక్కసారిగా కొడితే?" నిర్వాహకుడు ఒప్పుకొని వారికి మూడు అంకెలు కలిపినాడు. ఇప్పుడు 12 పడినా చాలు. ఇరవైలో తొమ్మిది అవకాశాలు, నూటికి నలుబదియైదు. పాచిక వేశారు. 13 పడినది.

ఆ క్షణంలో ఆ బల్లవద్ద లేచే కేక ఎటువంటిదో పాఠకులు ఊహించగలరు. నాల్గవవాడు మాట్లాడి ఉండకపోతే ఆ 13 ఓటమి. ఎప్పుడూ వెనుక బెంచీలో తలవంచుకొని కూర్చొనే ఒక విద్యార్థి ఒక్క మాటతో నలుగురినీ గట్టెక్కించినాడు. దానికి పతకం లేదు, ప్రశంసాపత్రం లేదు. మరునాడు దానిని ఎక్కడా చూపించనూ లేడు. కాని చూచినవారు నలుగురున్నారు. సంవత్సరం తర్వాత కలిసినా "ఆ రాత్రి నీ నగారా లేకపోతే" అని వాళ్ళే ఎత్తుకొంటారు. బల్ల ఆటలోని సాఫల్యం తోటివారి జ్ఞాపకంలో నమోదు అవుతుంది.

ఇందులో మరొక విశేషమున్నది. చప్పట్ల ఉపాయం ఆ నియమావళిలో ఎక్కడా రాసిలేదు. వీడియో ఆటలో రచయిత ముందుగా ఊహించి అమర్చిన దారులు మాత్రమే ఉంటాయి. వాటిలో ఎంత నేర్పుగా నడిచినా, తలుపు గీయని చోట తలుపు తెరుచుకోదు. బల్ల ఆటలో ఆటగాడు కొత్త తలుపు చూపవచ్చును. ఒప్పించవలసినది మరొక మనిషిని.

తెర ఇచ్చే సాఫల్యం

ఇంతమాత్రాన వీడియో ఆట నిచ్చే తృప్తి బూటకమని తేల్చివేయడం న్యాయం కాదు. కష్టమైన ఆటలో ఒకే మలుపువద్ద నలభైసార్లు ఓడి, నలభై ఒకటవసారి దాటినవాడు నిజంగానే ఒకటి నేర్చినాడు. వాని కన్ను, వేలు, ఓర్పు మూడూ పదునెక్కినవి. పైగా యంత్రానికి పక్షపాతం లేదు. ఆడేవాని పేరేమిటి, ఇంట్లో ఏ భాష మాట్లాడుతారు, తండ్రి ఏ పని చేస్తాడు అని అది అడుగదు. పేరు చూచి, వేషం చూచి, ఉచ్చారణ విని విలువ కట్టే అనుభవాలు ఎదురైన విద్యార్థికి ఈ నిష్పాక్షికత చిన్న విషయం కాదు. చాలామంది పిల్లలు తెరను విడిచి రాకపోవడానికి వ్యసనమొక్కటే కారణమని పెద్దలు అనుకొంటారు. తమను న్యాయంగా కొలిచే కొలబద్ద ఒకటి అక్కడ దొరకడం కూడా కారణం కావచ్చునని నా అభిప్రాయం.

అయితే ఆ కొలబద్ద పక్కన వ్యాపారం ఒక దుకాణం తెరిచినది. 2005లో ఎక్స్‌బాక్స్ 360 యంత్రంతో "అచీవ్‌మెంట్లు", 2008లో ప్లేస్టేషన్ 3లో "ట్రోఫీలు" ప్రవేశించాయి. ఇన్ని తలుపులు తెరిస్తే ఒక ముద్ర, ఇన్ని గంటలు ఆడితే మరొక ముద్ర. సాఫల్యం అనే మాటనే వస్తువు పేరుగా మార్చి పంచడం అప్పటినుండి మామూలైనది.

ముద్రలు పంచినందువల్ల నష్టమేమిటని అడుగవచ్చు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగం ఇక్కడ స్మరింపదగినది. రంగులతో బొమ్మలు వేయడం ఇష్టపడే శిశు పాఠశాల పిల్లలను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు బొమ్మ వేస్తే యోగ్యతాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండవ జట్టుకు చెప్పకుండా చివర ఇచ్చారు. మూడవ జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే, బహుమానం ఆశించి బొమ్మలు వేసిన పిల్లలకే రంగులమీద ఆసక్తి తగ్గినది. ఇస్తామని చూపిన బహుమానం పనిలోని ఇంపును తినివేసినది. ఈ సంగతి ఆటకే గాక మార్కులకోసమే చదివే చదువుకూ వర్తిస్తుందని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. తెరమీది సాఫల్యం ఆటగాని చేతిలో ఉండదు. ఎక్కడో ఒక సంస్థ ఖాతా పుస్తకంలో ఉంటుంది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్ ఆటను నిషేధించినది. లక్షలాది యువకులు ఏళ్ళ తరబడి కూడబెట్టిన హోదాలు ఒక్క ఉత్తరువుతో వారికి దూరమైనాయి. మరుసటి ఏడు దాని స్థానంలో వచ్చిన ఆటలోనికి వాటిని మార్చుకొనే వీలు కల్పించారు గాని, ఇచ్చేదీ ఆపేదీ ఎవరో అప్పటికే తేటతెల్లమైనది.

జాలి అనే దోషం

ఇక బల్ల ఆటలోని లోపం చూద్దాం. యంత్రానికి లేనిదీ మనిషికి ఉన్నదీ జాలి. కథానిర్వాహకుడు మనిషి. ఎదుట కూర్చున్నది ప్రాణమిత్రుడు. పాచికలో 4 పడినది. దానిని అట్టముక్క చాటున వేసి ఉంటే "15 పడినదిలే" అని చెప్పడం ఎంత సులభం! మిత్రుని పాత్ర చావకుండా కాపాడవచ్చు. కథ అందంగా ముగించవచ్చు. కాని ఆ మిత్రునికి ఎప్పుడో ఒకనాడు అనుమానం వస్తుంది. వచ్చిన మరుక్షణం అంతకుముందు గెలిచినవన్నీ దానమిచ్చినవిగా మారిపోతాయి. జాలితో ఇచ్చిన గెలుపు ఓటమికంటె ఎక్కువగా అవమానిస్తుంది.

దీనికి విపర్యయం ద్వేషం. నచ్చనివాని ఉపాయం ఎంత మంచిదైనా నిర్వాహకుడు కొట్టివేయవచ్చు. మహాభారతంలో శకుని పాచికలతో వచ్చిన రాజ్యాన్ని లోకం గెలుపు అని పిలువలేదు, మాయాజూదమన్నది. నియమం వంగినచోట, జాలితో వంగినా పగతో వంగినా, సాఫల్యం నిలువదు.

కనుక ఇంతవరకు తేలినదేమిటి? యంత్రంవద్ద వంగని నియమం ఉన్నది, కాని తన మనసుతో చూచి గుర్తుంచుకొనే సాక్షి లేడు. బల్లవద్ద సాక్షి ఉన్నాడు, కాని నియమం వంగే ప్రమాదమున్నది. సాఫల్యభావానికి ఈ రెండూ కావాలి.

మన నేలమీది నిదర్శనాలు

ఈ రెండూ కలిసిన ఆటలు మనకు పూర్వంనుండీ ఉన్నాయి. తెలుగువారి అవధానం అటువంటిది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు అర్థంలేనట్లు తోచే పద్యపాదమిచ్చి సమస్యను పూరించమంటారు. ఒకరు పొసగని నాలుగు మాటలిచ్చి దత్తపది అంటారు. నిషిద్ధాక్షరి అడిగే పృచ్ఛకుడు అవధాని ఏ అక్షరం వేయబోతాడో ఊహించి, దానినే వద్దంటాడు. అప్రస్తుత ప్రసంగి మధ్యలో పిడకలవేట మొదలుపెడతాడు. ముందుగా రాసిపెట్టుకొన్న దారి ఏదీ అక్కడ పనికిరాదు. ఎదుటి మనిషి అప్పటికప్పుడు అడ్డు కల్పిస్తాడు, అవధాని అప్పటికప్పుడు తలుపు తెరుస్తాడు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870-1950) తిరుపతి వేంకట కవులుగా ఈ విద్యను ఊరూరా ప్రదర్శించి జనంలోనికి తెచ్చారు. అవధానిమీద పృచ్ఛకునికి ఎంత అభిమానం ఉన్నా యతి తప్పితే సభకు తెలుస్తుంది. ఛందస్సు అక్కడి పాచిక. దానిని సభ మధ్యలో వేస్తారు.

ఉర్దూవారి బైత్‌బాజీ కూడా ఇంతే. ఒక పక్షం చదివిన షేర్ ఏ అక్షరంతో ముగిసినదో, ఎదుటి పక్షం ఆ అక్షరంతో మొదలయ్యే షేర్ చదవాలి. ఒకసారి చదివినది మళ్ళీ పనికిరాదు. జ్ఞాపకం తడబడినా, వజ్న్ తప్పినా వినేవారు ఊరుకోరు. సరైన షేర్ సరైన క్షణంలో దొరికినప్పుడు "వాహ్" అనేది ఎదుటి పక్షంవారు కూడా. ఓడినవాని నోటనుండి వచ్చిన ఆ మెచ్చుకోలుకు సమానమైన ముద్రను ఏ యంత్రమూ ఇంతవరకు ఇవ్వలేదు.

చదరంగం చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటరు ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించినది. మనిషి చదరంగానికి ఇక విలువ ఉండదని కొందరు భయపడ్డారు. అయిదేళ్ళ తర్వాత, 2002లో, మన హైదరాబాదులోనే ప్రపంచ కప్పు చదరంగ పోటీలు జరిగి విశ్వనాథన్ ఆనంద్ గెలిచినప్పుడు ఎవరి ఆనందమూ తగ్గలేదు. ఇంతకంటె బాగా ఆడే యంత్రమున్నదని అందరికీ తెలుసు. అయినా సాఫల్యాన్ని మనుషులు మనుషుల మధ్యనే వెదుక్కొన్నారు.

ముగింపు

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు మనిషి మనసు ఆరోగ్యంగా ఎదగడానికి మూడు అవసరాలను చెప్పారు: తన ఇష్టంతో తాను చేయగలగడం, చేసినదానిలో సమర్థత కనిపించడం, తనవారు అనదగినవారితో కలిసి ఉండడం. వీడియో ఆట రెండవదానిని పుష్కలంగా ఇస్తుంది. మొదటిదానిని గీసిన గీతల లోపల ఇస్తుంది. మూడవదానిని మిత్రులు ఒకేచోట గుమిగూడి ఆడినప్పుడు ఇస్తుంది గాని, ఒంటరి గదిలో సాధారణంగా ఇవ్వదు. బల్ల ఆట మూడింటినీ ఇవ్వగలదు. అందుకు షరతు ఒక్కటే: పాచిక అందరి ఎదుట పడాలి.

కళాశాల సంఘంవారికి ఒక విన్నపం. నాంపల్లి నుమాయిష్ 1938లో ఆరంభమైనప్పటినుండి నేటివరకు వినోదం, విద్య ఒకదానికొకటి శత్రువులు కావని నిరూపిస్తున్నది. ఆ ప్రదర్శన ఆదాయంతో విద్యాసంస్థలు నడుస్తున్నాయి. మన గ్రంథాలయంలో వారానికొక సాయంత్రం ఒక బల్లను, నాలుగు కుర్చీలను, ఒక పాచికను ఇటువంటి ఆటకు కేటాయిస్తే ఖర్చు స్వల్పం. ఈ పత్రికలో ఉర్దూ పుటలు ఒకవైపునుండి, తెలుగు పుటలు ఒకవైపునుండి మొదలై మధ్యలో కలుస్తాయి. కాని ఉర్దూ చదివేవారు తెలుగు పుటలనూ, తెలుగు చదివేవారు ఉర్దూ పుటలనూ సాధారణంగా తెరువరు. తరగతి గదుల్లోనూ అదే తీరు. ఆ బల్లవద్ద మాత్రం అమర్ అయ్యార్, తోటరాముడు ఒకే గుహలో చిక్కుకొంటారు. ఒకరి కథ మరొకరికి తెలియకపోతే ఇద్దరూ బయటపడలేరు.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. ఫోనులో గెలిచినందుకు సిగ్గుపడనక్కరలేదు. కాని ఆ గెలుపు తర్వాత తల ఎత్తి చూచినప్పుడు "చూశాను, నిజంగా చేశావు" అనే మనిషి ఒక్కడైనా ఎదుట ఉన్నాడో లేడో గమనించండి. లేకపోతే ఒక కుర్చీ లాగి, ఎవరినైనా పిలవండి. వెనుక బెంచీలో మౌనంగా కూర్చున్నవానిని ముందుగా పిలవండి. నగారా అతనివద్ద ఉండవచ్చు.